డాకెట్‌లో పొట్టి మాటలు, వెనుక గడువులు

సంపాదకులకు,

ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాలు, అంకెల సీఎన్‌ఆర్ నంబరు కొడితే ఎవరి కేసు వాళ్లు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. కానీ చాలామంది కక్షిదారులు వాయిదా తేదీ చూసుకుని ఊరుకుంటున్నారు. కేస్ హిస్టరీలో పాత తేదీ మీద నొక్కితే ఆ రోజు ఏం జరిగిందో పొట్టి మాటల్లో ఉంటుంది; డాకెట్ అంటే ఇదే. చదవాల్సింది అది.

ఓఎస్‌లో, అంటే సివిల్ దావాలో, ఇలా ఉందనుకుందాం: 'డీ2 కాల్డ్ ఆబ్సెంట్. సెట్ ఎక్స్‌పార్టీ. ఫర్ పీడబ్ల్యూ1.' రెండో ప్రతివాదిని పిలిస్తే రాలేదు, ఇక అతను లేకుండానే విచారణ, వచ్చే వాయిదాకు వాది తరఫు మొదటి సాక్షి అని. దీన్నే తీర్పు అనుకుని ఆశ వదులుకునేవాళ్లు ఎందరో! డిక్రీ, అంటే దావాను తేల్చే కోర్టు ఉత్తర్వు, ఇంకా కాలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 7 కింద ఐఏ (దావా నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) వేసి, రాకపోవడానికి తగిన కారణం చూపవచ్చు. డిక్రీ అయ్యాక మాత్రం దాన్ని రద్దు చేయమని రూల్ 13 కింద అడగాలి. గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సక్రమంగా అందనివారికి డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క.

'ఫర్ డబ్ల్యూఎస్' అని ఉంటే ప్రతివాది రాతపూర్వక జవాబు (రిటెన్ స్టేట్‌మెంట్) దాఖలు చేయాలి. మామూలు దావాల్లో సమన్లు అందాక 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా.

'ఫర్ స్టెప్స్' వాది పని. బత్తా (సమన్లు పంపే ఖర్చు) కట్టాలి, సరైన అడ్రసు ఇవ్వాలి. సమన్లు అందక తిరిగొస్తే 7 రోజుల్లో మళ్లీ అడగకపోతే, తగిన కారణం చూపకపోతే ఆ ప్రతివాది మీద దావా కొట్టేస్తారు. వాది హాజరు కాక 'డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్' అయితే తిరిగి తెరిపించుకోవడానికి 30 రోజులే.

క్రిమినల్ కేసులో 'ఎన్‌బీడబ్ల్యూ' (నాన్ బెయిలబుల్ వారెంటు) కనిపిస్తే వాయిదా దాకా ఆగవద్దు. అమలయ్యేదాకా, లేదా కోర్టు రద్దు చేసేదాకా ఆ వారెంటు అమల్లోనే ఉంటుంది. వెంటనే లాయరుతో వెళ్లి వారెంటు రద్దు చేయమని రీకాల్ పిటిషన్ వేయాలి. వారెంటు అమల్లో ఉంటుందని చెప్పేది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో సెక్షన్ 70(2), దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 72(2).

మరో పొరపాటు: ఓఎస్ పక్కన 'డిస్పోజ్డ్' చూసి కేసు ముగిసిందనుకోవడం. డిక్రీ అమలుకు ఈపీ, అప్పీలుకు ఏఎస్ వేరే నంబర్లతో నడుస్తాయి. డిక్రీ అమలు కోసం ఆస్తి జప్తు ఈపీలో జరుగుతుంది కాబట్టి పేరుతో కూడా వెతకాలి.

ఈ సంక్షిప్తాలకు తెలుగు అర్థాలు, పక్కనే గడువులు రాసిన పట్టికను ప్రతి కోర్టు నోటీసు బోర్డు మీద, యాప్‌లో పెట్టాలని హైకోర్టులను కోరుతున్నాం.

– సివిల్ న్యాయవాదులు