తల్లులను ఆ ఒక్క ప్రశ్న కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

మా అత్త ఏటా పెరటాసి నెలలో అలిపిరి నుంచి నడిచే కొండెక్కేది, 3,550 మెట్లూ. మూడేళ్ళ కింద మానేసింది. మోకాళ్ళ నొప్పులంటే నమ్మాం. మొన్న బట్టలు ఉతికేటప్పుడు పాత చీర ముక్కలు మడిచి దాచుకున్నవి కనబడ్డాయి. గట్టిగా అడిగితే ఏడ్చేసింది. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం చుక్క పడుతోందట, "ఆ మైలతో స్వామి దగ్గరికి ఎట్ల పోయేదమ్మా" అంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ముగ్గురిని కన్నారు కదా, ఈ వయసులో మామూలే అని పంపేశారు. నాకు చాలా కోపం వచ్చింది. తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు ఓపిగ్గా చెబితేనే అసలు సంగతి అర్థమైంది.

మూత్రాశయాన్నీ గర్భసంచినీ కింద నుంచి కండరాలు మోస్తాయి, సరే. ఆ కండరాలనూ అవయవాలనూ ఎముకలకు కట్టి ఉంచేది సంయోజక కణజాలం, అంటే కొల్లాజెన్ అనే గట్టి పోగులతో అల్లుకున్న పొరలు, తాళ్ళలాంటి బంధనాలు. మామిడి తోటకు నీళ్ళు కట్టేవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. రబ్బరు పైపు గట్టి నేల మీద ఉంటే కాలితో తొక్కగానే నీళ్ళు ఆగుతాయి, అదే బురదలో ఉంటే ఎంత తొక్కినా పైపు లోపలికి దిగిపోతుందే గానీ నీళ్ళు ఆగవు. దగ్గినప్పుడు కడుపులో పుట్టే ఒత్తిడి ఆ కాలు, మూత్రం వచ్చే గొట్టం కింద ఉన్న పొర ఆ నేల. 1994లో డిలాన్సీ అనే అమెరికా డాక్టరు వివరించింది ఈ సంగతే.

ఆ పొర కాన్పులో సాగుతుంది, ఒక్కోసారి చిరుగుతుంది. ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగ్గి ఇంకా పలచబడుతుంది. కొందరికి పుట్టుకతోనే కొల్లాజెన్ వదులు, వాళ్ళ కీళ్ళు కూడా అతిగా వంగుతాయి. పైన మలబద్ధకం, ఏళ్ళ తరబడి దగ్గు, బరువులు తోడైతే చెప్పనక్కర్లేదు. ఇందులో ఆడమనిషి తప్పేముంది, సిగ్గుపడటానికి?

చిరిగిన పొరను వ్యాయామం అతికించలేదు, కానీ కండరం బలపడితే ఆ భారం కొంత అదే మోస్తుంది. అమెరికాలో కెగెల్ అనే డాక్టరు ఈ పద్ధతిని 1948లోనే రాశారు. మూత్రం ఆపుకున్నట్టు లోపలికి బిగించి వదలాలి, ఒక్కోసారి 8 బిగింపులు, రోజుకు 3 సార్లు, కనీసం 3 నెలలు. సరిగ్గా బిగిస్తున్నామో లేదో ఒకసారి తెలిసినవాళ్ళతో చూపించుకోవాలి, చాలామంది పొట్ట బిగించి అదే అనుకుంటారు. అర్జెంటుగా వచ్చి ఆగకుండా పోయేది వేరే రకం, దానికి వైద్యం వేరు. నీళ్ళు తాగడం మాత్రం మానకండి. మా అత్త అదే చేసింది, మూత్రం చిక్కబడి మంట, దాంతోపాటు మలబద్ధకం.

ఇప్పుడు ఆమెకు సగానికి సగం నయం. బస్సెక్కడానికి భయపడటం లేదు.

జిల్లా ఆరోగ్య అధికారులకు నా విన్నపం ఒక్కటే. బిడ్డకు 6, 10, 14 వారాల టీకాలకు తల్లి ఎలాగూ వస్తుంది. బిడ్డను చూసే ఏఎన్ఎం "దగ్గితే చుక్క పడుతోందామ్మా?" అని తల్లిని కూడా ఒక్క మాట అడగాలి. అవునన్నవాళ్ళను పంపడానికి పలమనేరు, పుత్తూరు లాంటి ఊళ్ళ ప్రభుత్వాసుపత్రుల్లో వారానికి ఒక్క రోజైనా ఆడ ఫిజియోథెరపిస్టు కూర్చోవాలి.

– ఒక కోడలు, తిరుపతి