రాయగడ స్కానింగు గది నుంచి కృతజ్ఞతలు: అయోర్టా కొలత నేర్పినందుకు

రెండు ఆదివారాలు విశాఖ నుంచి రైల్లో వచ్చి, పెద్దవాళ్ల పొట్టలో అయోర్టా (గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం) ఎలా కొలవాలో చెయ్యి పట్టి నేర్పిన రేడియాలజిస్టు మేడమ్ గారికి మా గది తరఫున నమస్కారాలు. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా వచ్చి బల్లమీద ఓపిగ్గా పడుకున్నవారందరికీ కూడా.

మేడమ్ గారు ముందు మాన్పించింది ప్రోబు (అల్ట్రాసౌండు స్కానింగులో పొట్టమీద ఆనించే పరికరం) వాల్చి కొలవడం. ములక్కాడని అడ్డంగా కోస్తే ముక్క గుండ్రం, ఏటవాలుగా కోస్తే కోల. 2.6 సెం.మీ. అయోర్టాని 30 డిగ్రీల వాలులో కొలిస్తే తెరమీద 3.0 వస్తుంది, అంటే లేని అన్యూరిజం (నాళం ఉబ్బు) పుట్టుకొస్తుంది. నాళాన్ని పొడుగునా చూసే నిలువు కోతలో దీనికి తలకిందులు: నడిమధ్య నుంచి 5 మి.మీ. పక్కకి జరిగితే అదే 2.6 కాస్తా 2.4 అయిపోతుంది. వయసు మళ్లినవాళ్లలో రక్తనాళం వంకర తిరిగి ఉంటుంది కనక వెన్నుకి కాదు, నాళానికే లంబంగా పట్టాలి. కొలిచేది ముందు గోడ నుంచి వెనక గోడకి. పక్క గోడలు మసగ్గా కనబడతాయి, వాటిని అంతగా నమ్మలేం.

కాలిపర్లు (తెరమీద కొలత గుర్తులు) నాళం బయటి అంచు నుంచి బయటి అంచుకి పెట్టాం. బ్రిటన్ స్క్రీనింగులో లోపలి అంచులు పట్టుకుంటారు. తేడా 3, 4 మి.మీ. దాకా ఉంటుంది. అందుకే ఉత్త అంకె రాయకుండా ఏ మట్టంలో, ఏ అంచులతో కొలిచామో రిపోర్టులో రాస్తున్నాం. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే దాన్నీ కలిపే కొలవాలి, రక్తం పారే దారిని మాత్రమే కాదు.

డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య కండరపు పొర) కింద సుమారు 2.5 లోపు, బొడ్డు దగ్గర చీలేముందు 1.5 నుంచి 2 సెం.మీ. మామూలు. ఆడవాళ్లకి కాస్త తక్కువ, వయసుతో కాస్త ఎక్కువ. 3.0, ఆపైన అన్యూరిజం కింద లెక్క.

కొట్టుకుంటోంది కదా అని అయోర్టా అనుకోవద్దు. పక్కనున్న వేనా కేవా (రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్లే పెద్ద సిర) కూడా దాని అదురుతో కదులుతుంది. ముక్కుతో గట్టిగా పీల్చమంటే కుంచించుకుపోయేది వేనా కేవా.

గ్యాసు సంగతి మా ఊరివాళ్లకి చెప్పనక్కర్లేదు. పొద్దున్నే పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం) తిని వస్తే పేగులే కనబడతాయి! ఆరు గంటల పరగడుపు చాలు. అప్పటికీ అడ్డొస్తే ప్రోబుతో మెల్లగా నొక్కి, పేగు తప్పుకునేదాకా ఆగాలి. గట్టిగా పొడిస్తే మనిషి పొట్ట బిగబట్టేస్తాడు. లేదంటే పక్కకి తిప్పి నడుము వైపు నుంచి చూడాలి.

తెలుగు రానివారికి ఒడియాలో "నిశ్వాస బంద కరంతు" అనీ, కొండ ఊళ్లవారికి వాళ్ల కుయి భాషలో అదే మాటా చెప్పి ఊపిరి బిగబట్టించిన ఆశా దీదీలకి ప్రత్యేక వందనాలు. మీరు లేకపోతే సగం బొమ్మలు కదిలిపోయేవి. వచ్చినవారందరి కొలతల కాగితాలూ సిద్ధంగా ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి. ఈసారి తినే రండి.