మన సంఘం వార్షిక నివేదిక: డబ్బా కథ, కుర్చీ కథ

ఇక్కడ ఇంగ్లండ్‌లో బిల్డింగ్ పనుల్లో ఉన్న మన తెలుగు సంఘం వాళ్ళందరికీ నమస్కారం. రిపోర్టు ఈసారీ లేటే, సర్వసభ్య సమావేశానికి రెండు రోజుల ముందు రాత్రి పదకొండింటికి కిచెన్ టేబుల్ మీద కూర్చుని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. సంక్రాంతి ముగ్గులు, ఉగాది పచ్చడి, సమ్మర్‌లో క్రికెట్ (ఓడిపోయాం, మళ్ళీ ఎలక్ట్రికల్ వాళ్ళ చేతిలోనే), కార్తీక వనభోజనాలు వాన వల్ల హాల్లో భోజనాలు అయ్యాయి. ఫొటోలు గ్రూపులో ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఇంతకంటే రాయను. ఈ ఏడాది అసలు చెప్పుకోవాల్సింది వేరే ఉంది.

పోయిన చలికాలంలో మన సభ్యుడొకతను సైట్‌లో స్కాఫోల్డ్ (పరంజా) మీంచి పడ్డాడు, కాలు రెండు చోట్ల విరిగింది. ఏ కంపెనీ సైటో ఇక్కడ రాయను, ఆ గొడవ వేరే నడుస్తోంది. సెల్ఫ్ ఎంప్లాయిడ్ మనిషి కావడంతో పనికి వెళ్ళకపోతే ఆ వారం డబ్బుల్లేవు, ఇంట్లో చిన్నపిల్లలు, అద్దె. అప్పుడు మనం చేసిందేంటి? వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాం, మొదటి రెండు రోజులు అందరూ పంపారు, మూడో రోజు దండం పెట్టే బొమ్మలు వచ్చాయి, నాలుగో రోజు ఎవరో జోక్ ఫార్వర్డ్ చేశారు. ఎవరినీ అనడం లేదు, నేనూ రెండో నెల పంపడం మర్చిపోయినవాణ్ణే. కాలు అతకడానికి మాత్రం ఐదు నెలలు పట్టింది.

ఇది మనసులో పెట్టుకునే ఈ ఏడాది లివరీ కంపెనీల సంగతి కాస్త లోతుగా చూశాం. చాలామందికి తెలీదు కాబట్టి చెప్తా. లండన్ సిటీలో, అంటే ఆ ఒక్క చదరపు మైలు సిటీలో, పాత వృత్తి సంఘాలు 110కి పైగా ఉన్నాయి, వాటినే లివరీ కంపెనీలంటారు. లివరీ అంటే ఒకప్పుడు సంఘం వాళ్ళంతా వేసుకునే ఒకేరకం బట్టలు, మన పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళంతా ఒకే రంగు చీర కట్టినట్టన్నమాట. వీటికి వరస నంబర్లు కూడా ఉన్నాయి, 1515లో పెట్టిన వరస, మెర్సర్లు (బట్టల వర్తకులు) మొదటివాళ్ళు. అంతకుముందే ఆరో నంబరు నాదంటే నాదని స్కిన్నర్లూ (తోలు, బొచ్చు వ్యాపారులు) మర్చంట్ టైలర్లూ (దర్జీలు) కొట్టుకుంటే 1484లో అప్పటి మేయర్ ఏడాదికొకరు ఆరో నంబరు తీసుకోండి, ఒకరినొకరు భోజనానికి పిలుచుకోండి అని తీర్పు చెప్పాడు, ఇప్పటికీ అలాగే మారుతున్నారు. మన ఊళ్ళల్లో గుడి దగ్గర మొదటి తాంబూలం గొడవలు గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు, కాకపోతే మనకి తీర్పు చెప్పే మేయర్ దొరకలేదు.

మన పనికి సంబంధించినవే బోలెడు. వడ్రంగులవి కార్పెంటర్స్, రాతిపనివాళ్ళవి మేసన్స్, పెంకులూ ఇటుకలూ కలిపి టైలర్స్ అండ్ బ్రిక్‌లేయర్స్ (బట్టలు కుట్టేవాళ్ళు కాదు, పెంకు పరిచేవాళ్ళు), ప్లంబర్స్, ప్లాస్టరర్స్, పేవియర్స్ (రోడ్ల మీద రాళ్ళు పరిచేవాళ్ళు). ఈ మధ్యకాలంలో వచ్చినవి సర్వేయర్లవి, ఇంజనీర్లవి, ఆర్కిటెక్టులవి. కన్‌స్ట్రక్టర్స్ అని అచ్చంగా మన ఇండస్ట్రీ పేరు పెట్టుకున్నది 1976లో మొదలై 1990లో లివరీ హోదా తెచ్చుకుంది, వరసలో 99.

ఒక లివరీ కంపెనీకి ఇదివరకు మాస్టర్‌గా, అంటే అధ్యక్షుడిగా, చేసిన పెద్దాయన మన సభ్యురాలికి పాత బాసు, ఆవిడ అడిగితే ఒక సాయంత్రం మన మీటింగ్‌కి వచ్చి రెండు గంటలు కూర్చున్నారు, పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నారు. ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా పట్టింది కుర్చీ సంగతి. మాస్టర్ పదవి మామూలుగా ఒక్క ఏడాదే. దానికి ముందు వార్డెన్‌గా (మాస్టర్ కింది పదవి) మెట్లెక్కాలి, పైన కోర్టు అని ఒక పెద్దల కమిటీ ఉంటుంది, రోజువారీ పనంతా చూసేది క్లర్క్. క్లర్క్ అంటే ఆఫీసులో గుమాస్తా అనుకోకండి, సర్పంచులు మారినా కరణం మారడు చూడండి, అలాంటి మనిషి. ఏడాదంతా మాస్టర్‌కి డిన్నర్లే డిన్నర్లు, ఇంకో కంపెనీ హాలుకి అతిథి, చర్చిలో సర్వీసు, మేయర్ ఎలక్షన్‌కి గిల్డ్‌హాల్ (సిటీ కార్పొరేషన్ భవనం). బయటివాళ్ళకి కనపడేది మెళ్ళో బ్యాడ్జీ, గౌను, ఆ భోజనాలే. నేను సూటిగానే అడిగేశా, ఇంత తిండి దేనికండీ అని. ఆయనేం నొచ్చుకోలేదు. పక్కన కూర్చుని తిన్నవాణ్ణి తర్వాత రోజు ఫోన్ చేసి ఒక పిల్లాడికి అప్రెంటిస్‌షిప్ అడిగితే కాదనలేడు, మాస్టర్ పనిలో సగం ఆ ఫోన్లేనన్నారు. ఇంకోటి కూడా చెప్పారు, ఏడాదిలో నువ్వేదో కొత్తగా కట్టేద్దామనుకుంటే పప్పులో కాలేసినట్టే, ముందువాడు మొదలెట్టింది పూర్తిచెయ్, నీ తర్వాతవాడు పూర్తిచేసేది ఒకటి మొదలెట్టు, అంతే. ఆరేళ్ళుగా మన సంఘం అధ్యక్ష కుర్చీ వదలని నేను ఆ మాట విన్నాక టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నా.

తర్వాత ఆయనే మనలో నలుగురిని ఒక డిన్నర్‌కి తీసుకెళ్ళారు. అక్కడ లవింగ్ కప్ అని రెండు చేతులున్న పెద్ద గిన్నె తిప్పుతారు, ఒకడు తాగుతుంటే ఇంకొకడు వాడి వెనక వీపుకి వీపు పెట్టి కాపలా నిలబడాలి, ఎప్పుడో ఒక రాజుని తాగుతుండగా పొడిచేశారట, అందుకని. మన కోశాధికారి మందు ముట్టరు కదా, ఆయన వంతొచ్చేసరికి కప్పుని కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకిచ్చేశారు, తీర్థం అనుకున్నారేమో తెలీదు. అక్కడున్న వాళ్ళందరికీ అది భలే నచ్చింది.

సరే, అసలు విషయానికొస్తా. కార్పెంటర్స్ వాళ్ళ పాత రూల్స్ పుస్తకం 1333 నాటిది. అప్పుడది వ్యాపారం కంట్రోల్ చేసే సంఘం కూడా కాదు, జబ్బుపడ్డవాడికీ పనిలో దెబ్బ తగిలినవాడికీ చేయూత, చచ్చిపోతే మర్యాదగా సాగనంపడం, ముఖ్యంగా దానికోసం పెట్టుకున్నది. అంటే ఏడొందల ఏళ్ళ కింద వడ్రంగులకి తెలిసిన సంగతి మనకి స్మార్ట్‌ఫోన్లు పెట్టుకుని తెలీలేదు, కింద పడ్డాక చందా ఎత్తకూడదు, పడకముందే డబ్బా, అంటే అందరం ముందుగానే వేసి పెట్టుకునే సాయం నిధి, నిండి ఉండాలి.

వాళ్ళకీ అంతా నల్లేరు మీద నడకేం కాదు. 1666లో లండన్ ఊరంతా తగలబడ్డాక బయట గోడలు ఇటుకా రాయితోనే కట్టాలని చట్టమొచ్చింది, వడ్రంగులకి పెద్ద దెబ్బ, పైగా మనుషులు చాలక బయటూళ్ళ పనివాళ్ళని కూడా సిటీలోకి రానిచ్చారు, పాత గిల్డుల (వృత్తి సంఘాల) పట్టు అక్కణ్ణించే సడలింది. పట్టు పోయినా సంఘం పోలేదు, పని నేర్పడం వైపు తిరిగింది. 1878లో సిటీ కార్పొరేషనూ 16 లివరీ కంపెనీలూ కలిసి పెట్టిందే సిటీ అండ్ గిల్డ్స్, మన ఎలక్ట్రీషియన్ తమ్ముళ్ళ జేబుల్లో ఉన్న సర్టిఫికెట్లు ఆ చెట్టు కాయలే. కార్పెంటర్స్ వాళ్ళు 1893లో మొదలెట్టిన స్కూలు ఇప్పుడు స్ట్రాట్‌ఫర్డ్‌లో బిల్డింగ్ క్రాఫ్ట్స్ కాలేజీ, చెక్కపనీ రాతిపనీ చేత్తో నేర్పుతారు. మా తాత తాపీమేస్త్రి, ఆయన రసమట్టం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, కానీ మా నాన్నకి కూడా ఆ పని నేర్పలేదు, నువ్వు ఆఫీసులో కూర్చోరా అన్నాడు. మనలో ఎంతమందిది ఇదే కథో చేతులెత్తమంటే హాలు నిండిపోతుంది.

అక్టోబర్ కమిటీ మీటింగ్‌లో మన డబ్బా గురించి మూడు గంటలు వాదులాట. ఊళ్ళో గుడికిద్దామని కొందరు, చదివిన బడికని కొందరు, అక్కడ ఇండియాలో భవన కార్మికులకి 1996 చట్టంతో వచ్చిన సెస్సు (కట్టడాల మీద వసూలు చేసే పన్ను), వెల్ఫేర్ బోర్డు ఉన్నాయి కదా ఇక్కడివాళ్ళకే వాడదామని కొందరు. బోర్డుంది నిజమే, కార్డు చేయించుకోని పాలమూరు కూలీకి అదెంత అందుతుందని మన మహబూబ్‌నగర్ అన్న అడిగితే ఎవ్వరూ మాట్లాడలేదు. చివరికి తేలింది ఇది. మొదట ఇక్కడ దెబ్బ తగిలిన సభ్యుడికి మూడు నెలల ఇంటి ఖర్చు, అది పక్కన పెట్టాకే మిగతావి. మిగిలితే హైదరాబాద్‌లో 1998 నుంచి నడుస్తున్న న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) లాంటి చోట పని నేర్చుకునే పిల్లలకి బూట్లూ పనిముట్లూ కొనిద్దామని ఒక ఆలోచన, ఇంకా ఎవరితోనూ మాట్లాడలేదు.

డబ్బు సంఘం ఖాతాలో కలపం. లివరీ కంపెనీలు కూడా చారిటీని వేరే ట్రస్టుగానే పెట్టుకుంటాయి, డిన్నర్ ఖర్చు అందులోంచి తీయడానికి వీల్లేదు. ఏడాది ఆదాయం 5,000 పౌండ్లు దాటితే చారిటీ కమిషన్‌లో (చారిటీలని చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్ చెయ్యాలి, ఆ ఫారాలు మన లాయరమ్మ చూస్తున్నారు. టాక్స్ కట్టేవాళ్ళు గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపితే మీ పౌండుకి ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది, దయచేసి నింపండి, నేను మూడుసార్లు పంపాను, వచ్చినవి పదకొండు.

జూన్‌లో డార్కింగ్ వెళ్ళి కాటన్ దొర సమాధికి దండం పెట్టుకొచ్చాం. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన మనిషి ఆ చిన్న ఊళ్ళో ఉన్నాడని ఆ వీధిలో ఎవరికీ తెలిసినట్టు లేదు, మనం రెండు మినీబస్సుల్లో దిగేసరికి కుక్కని తిప్పుతున్న ఒకావిడ ఎవరైనా సినిమావాళ్ళా అని అడిగింది. గోదావరి వాళ్ళం మాత్రం కాసేపు మాట్లాడలేకపోయాం. తెచ్చిన గోదావరి నీళ్ళ సీసా మూత రాకపోతే సైట్ ప్లయర్స్‌తో తీశాడు మన స్టీల్ ఫిక్సర్ తమ్ముడు.

ఇక కుర్చీ. కొత్త నియమం కాగితం మీకందింది, అధ్యక్ష పదవి ఇకనుంచి ఒక్క ఏడాదే, ఉపాధ్యక్షులు మెట్టెక్కి రావాలి, కార్యదర్శి మాత్రం నాలుగేళ్ళు. నేను దిగిపోతున్నా, నన్ను ఎవరూ దించలేదు, బతిమాలనూ లేదు. తర్వాత వచ్చే అక్కకి అప్పజెప్పేవి: బ్యాంకు కాగితాలు, స్పీకర్లు రెండు (ఒకటి గరగరలాడుతుంది), వంట గిన్నెలు, సగం నిండిన డబ్బా. పెద్ద డేగిసా మూత ఉగాది నుంచి కనపడటం లేదు, ఎవరింట్లో ఉందో శనివారం వచ్చేటప్పుడు పట్టుకురండి.