నాన్నగారి కంటి చికిత్సలో తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

మా నాన్నగారి ఎడమ కంటికి తడి రకం మాక్యులర్ డీజనరేషన్ (కంటి లోపలి తెర అయిన రెటీనా నడిమి భాగం, అంటే మాక్యులా, దెబ్బతినే జబ్బు) వచ్చిన నాటి నుంచి అండగా నిలిచిన, ఇంగ్లండులోని మా ఊరి కంటి ఆసుపత్రి సిబ్బందికి, ముఖ్యంగా ఒక కొత్త చికిత్స పరిశోధన గురించి వైద్యులు చెప్పిన రోజు దుభాషిగా వచ్చిన తెలుగు సోదరికి మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

రెటీనా నడిమి భాగం కింద కొత్తగా పుట్టిన రక్తనాళాలు కారుతుండటంతో ఆయనకు తలుపు అంచు వంకరగా కనిపించేది, చదివే అక్షరాల మధ్య మసక మచ్చ నిలిచేది. ఆ కారడాన్ని తగ్గించే రానిబిజుమాబ్ అనే మందును కంట్లోకి ఇంజెక్షన్లుగా ఇస్తే ద్రవం తగ్గేది కానీ, కొన్ని వారాలకే ఓసీటీ (రెటీనా పొరలను చూపే స్కాన్) పరీక్షలో మళ్లీ కనబడేది. కంట్లో సూది వేయించుకునే ముందురోజు రాత్రి ఆయనకు నిద్ర పట్టేది కాదు. అటువంటి సమయంలో, కింగ్స్ కాలేజ్ లండన్ ప్రొఫెసర్ టిమోతీ జాక్సన్ నాయకత్వంలో జరుగుతున్న స్టార్ అనే పరిశోధనలో చేరతారా, అందులో ఈ జబ్బుకు కంటికి రేడియేషన్ ఇచ్చి చూస్తున్నారు అని వైద్యులు అడిగారు.

రేడియేషన్ అన్న మాట వినగానే మేమంతా క్యాన్సర్ అనుకొని భయపడ్డాము. అప్పుడు ఆ సోదరి తొందరపడకుండా, వైద్యులు చెప్పిన ప్రతి వాక్యాన్నీ నాన్నగారికి తెలుగులో వివరించారు: కన్ను కదలకుండా ఒక లెన్సుతో పట్టి ఉంచి, తెల్లగుడ్డు కింది భాగం గుండా మూడు సన్నని ఎక్స్ కిరణాలను మాక్యులా వద్ద కలిసేటట్లు, మొత్తం 16 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) మోతాదులో, ఒకే ఒక్కసారి పంపుతారని, పోయిన చూపు దీనితో తిరిగి రాదని, ఇంజెక్షన్లు తగ్గవచ్చన్నదే ఆశ అని, పోల్చి చూడటానికి ముగ్గురిలో ఒకరికి అన్నీ అలాగే చేసినా కిరణాలు మాత్రం ఇవ్వరని, వద్దన్నా మామూలు వైద్యం ఆగదని. వద్దనే హక్కు తనకుందని తెలిసిన తరువాతే ఆయన సంతకం చేశారు. మేము అన్నిటికంటే ఎక్కువగా ఋణపడినది ఈ మాటకే.

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఈ పరిశోధన ఫలితాల ప్రకారం, 30 ఆసుపత్రుల నుంచి చేరిన 411 మందిలో, కిరణాలు అందినవారికి రెండేళ్లలో సగటున 10.7 ఇంజెక్షన్లు, అందనివారికి 13.3 అవసరమయ్యాయి. చూపు విషయంలో కిరణాలు అందినవారు వెనుకబడలేదు. అయితే రెటీనాలోని సన్నని రక్తనాళాలలో మార్పులు మొదటివారిలో 35 శాతం కళ్లలో, రెండవవారిలో 12 శాతం కళ్లలో కనిపించాయి కనుక, కిరణాలు పడిన కంటిని పరీక్షిస్తూ ఉండవలసిందే. రెండున్నర సూదులు తగ్గడం బయటివారికి చిన్న లెక్కగా తోచవచ్చు. నిద్రలేని ఆ రాత్రులను చూసిన మాకు అది చిన్నది కాదు.

నాన్నగారికి కిరణాలు అందాయో లేదో చికిత్స రోజున మాకు తెలియదు, ఆయన అడగనూ లేదు. తనతో పాటు పేర్లిచ్చిన మిగిలిన 410 మందికీ ఆయన నమస్కారాలు తెలియజేయమన్నారు. దుభాషిగా వచ్చిన ఆ సోదరిని మరల కలుసుకోలేకపోయాము. ఈ మాటలు ఆమె వరకు చేరితే, నాన్నగారు ఇప్పటికీ భూతద్దం పెట్టుకొని పంచాంగం తామే చదువుకుంటున్నారని ఆమెకు తెలియాలని మా కోరిక.