మాకళిదుర్గలో తీసిన ఫోటో

కృష్ణరాజపురం, బెంగళూరు
ఆదివారం రాత్రి

చి. సౌమ్యకు అమ్మ దీవించి రాసేది.

మొన్న ఫోన్లో అడిగావు కదా, ఈ మోకాళ్ల నొప్పులతో గుట్టలెక్కి ఆ పాత డీజిల్ ఇంజన్లకు ఫోటోలు ఎందుకు తీస్తావమ్మా అని. ఫోన్లో చెప్తే సగం మింగేస్తాను. అందుకే రాస్తున్నాను.

మీ తాత గుత్తి డీజిల్ షెడ్‌లో ఫిట్టరు. ఎన్నిసార్లు ఉతికినా ఆయన చొక్కాలకు డీజిల్ వాసన పోయేది కాదు. మీ అవ్వ ఆ బట్టలు వేరే బకెట్లో నానబెట్టేది. నాకు మాత్రం ఆ వాసన వచ్చిందంటే నాయన ఇంటికి వచ్చినట్టే.

ఆయన చేయి పడినవన్నీ డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు. అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైను అది. 1962లో మొదట అక్కడి నుంచే తెప్పించారు, 1964 నుంచి వారణాసిలో మనవాళ్లే తయారు చేశారు. పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. 1969లో ఆల్కో మూతపడింది. అయినా వారణాసిలో ఆ ఇంజన్లు ఏళ్ల తరబడి తయారవుతూనే ఉన్నాయి. ఆ సంగతి చెప్పేటప్పుడు నాయన గొంతులో గర్వం వినపడేది, ఆ కంపెనీని తానే నిలబెట్టినట్టు.

పెళ్లయి బెంగళూరు వచ్చాక మీ నాన్న నాకు యాషికా కెమెరా కొనిచ్చారు. దొడ్డబళ్లాపురం దాటాక మాకళిదుర్గ దగ్గర రైలు కొండల మధ్య మలుపులు తిరుగుతూ పోతుంది. గుత్తి, ధర్మవరం వైపు నుంచి వచ్చే బండ్లకు అక్కడ ఎక్కుడు. పట్టాలకు దూరంగా గుట్ట మీద కూర్చున్నాను. రోల్లో ముప్పై ఆరే ఫోటోలు, ఒక్కటి కూడా వృథా చేయకూడదు. గూడ్సు బండి కనపడకముందే శబ్దం వినపడింది. ఆల్కో శబ్దం నీకు తెలీదు. బరువు మోస్తున్న మనిషి ఆగి ఆగి ఊపిరి తీసినట్టుంటుంది. మలుపులో జోడు ఇంజన్లు వచ్చాయి, పక్కన 'గుత్తి' అని రాసి ఉంది. డ్రైవరు నాచ్ పెంచాడు, అంటే ఇంజన్ జోరు ఒక మెట్టు పెంచాడు. ఆకాశమంతా నల్లటి పొగ. నొక్కాను.

ఆ ఫోటో కడిగించి గుత్తికి తీసుకెళ్లి నాయన చేతిలో పెట్టాను. ఎంత బాగుందో అంటాడని ఎదురుచూశాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "రెండో ఇంజన్‌కు ఇంజెక్టర్లు చూడాల" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. నాచ్ పెంచగానే ఇంజెక్టర్లు సిలిండర్లలోకి డీజిల్ వెంటనే ఎక్కువ చిమ్ముతాయి. గాలి పంపే టర్బో మాత్రం ఇంజన్ వదిలే పొగవేడితోనే తిరగాలి కాబట్టి అది వేగం అందుకునేదాకా గాలి చాలదు. కాలని డీజిలే ఆ నల్లపొగ. కాసేపట్లో పలచబడితే ఇంజన్ బాగున్నట్టు. ముందు ఇంజన్ పొగ అప్పటికే పలచబడింది, వెనకదానిది పలచబడలేదు. నేను అందం చూసిన చోట ఆయన జబ్బు చూశాడు. ఆ రోజు నుంచి నాకు ఫోటో తీయడం అంటే పొగ చూడడమే. ఎక్కడ పుట్టింది, ఎంతసేపు నిలిచింది, ఏ రంగు.

ఇప్పుడు మాకళిదుర్గలో కరెంటు తీగలు వచ్చేశాయి. ఎటు తిప్పినా ఫ్రేములో స్తంభం పడుతుంది. మన ఇంటి దగ్గరి డీజిల్ షెడ్‌లో కూడా కరెంటు ఇంజన్లు చేరాయి. అది మంచిదే. లైను పక్కన ఇళ్లలో పిల్లలు ఆ మసి పీల్చడం నేను చూశాను, మళ్లీ ఆ రోజులు రావాలని కోరుకోను. కానీ ఎక్కడైనా షంటింగ్‌లో, అంటే పెట్టెలు అటూ ఇటూ మార్చే పనిలో, ఒక ఆల్కో ఇంజన్ దొరికితే ఆగకుండా పోలేను. నిన్న కూడా అలాగే ఆగాను. ఊరికే నిలబడి డుగుడుగుమంటోంది. కెమెరా తీయడం మర్చిపోయి కళ్లు మూసుకుని విన్నాను. నాయన పోయి పదకొండేళ్లయినా ఆ కాసేపూ పక్కనే ఉన్నట్టనిపించింది.

ఆ మొదటి ఫోటో ఈ ఉత్తరంతో పెడుతున్నాను. నెగెటివ్ నా దగ్గరుంది, భయపడకు. ఫ్రేము కట్టిస్తే వెనక అట్ట వద్దు, అద్దం పెట్టించు. వెనక బాల్‌పెన్నుతో ఇంజన్ నంబరూ, "ఇంజెక్టర్లు" అనీ ఉంది. అది మీ తాత రాసింది.

వేళకు తిను.

అమ్మ