ఫిలిప్పీన్స్ ఒక్క మతం దేశం కాదు

సంపాదకులకు నమస్కారం.

వైద్యవిద్య కోసం మన పిల్లలు ఫిలిప్పీన్స్ దక్షిణాన ఉన్న దవావో నగరానికి వెళ్ళడం మొదలైనప్పటి నుంచి తెలుగు పత్రికల్లో ఆ దేశ ప్రస్తావన తరచుగా కనిపిస్తోంది. అందులో రెండు మాటలు మాత్రం తప్పకుండా ఉంటాయి: అది 'ఆసియాలోని ఏకైక క్రైస్తవ దేశం' అని, దక్షిణాన 'ముస్లిం తీవ్రవాదుల బెడద' ఉందని. మొదటి మాట తప్పని చెప్పడానికి తూర్పు తైమూర్ చాలు. రెండోది సగం నిజం కాబట్టి దాన్ని గురించే ఈ ఉత్తరం.

2020 జనగణన ప్రకారం అక్కడ నూటికి దాదాపు 79 మంది కేథలిక్కులు, ఆరుగురికి పైగా ముస్లింలు. అయితే ఎవరు ఎప్పటి నుంచి ఉన్నారన్నది ఈ అంకెల్లో కనిపించదు. మెజిల్లాన్ సెబూ తీరాన శిలువ నాటింది 1521లో; దక్షిణాన ఉన్న సులు దీవుల్లో ఇస్లాం అప్పటికే వేళ్ళూనుకుని ఉంది. సిమునుల్ దీవిలోని మసీదు 1380 నాటిదని స్థానికుల నమ్మకం. 1570లో స్పెయిన్ సేనలు మనీలా మీద దాడి చేసినప్పుడు వారికి ఎదురు నిలిచినవాడు రాజా సులేమాన్. ఆ పేరులోనే రెండు లోకాలు కలిసి ఉన్నాయి. అంతకు ముందువారు కొలిచిన 'దివత'లు మన దేవతలే. మనీలా ప్రాంతపు తగలోగు జాతివారి దేవుడు బథాలా పేరు సంస్కృత 'భట్టార' నుంచి వచ్చిందంటారు. ఇంకా చిత్రమేమిటంటే, ఈనాటి తగలోగు కేథలిక్కు తన విశ్వాస ప్రమాణంలో 'నమ్ముతున్నాను' అనడానికి వాడే 'సంపలతాయ' మన 'సంప్రత్యయ'మే.

దక్షిణాన ఉన్న పెద్ద దీవి మిందనావో; దవావో ఉన్నది ఇక్కడే. ఈ దీవిలో ఒకప్పుడు ఉన్నవారిలో అత్యధికులు ముస్లింలు, లుమాద్ అని పిలిచే ఆదివాసులు. అమెరికా పాలనలో, స్వాతంత్ర్యం వచ్చాక కూడా, ప్రభుత్వాలే లుజోన్, విసాయాస్ దీవుల నుంచి క్రైస్తవ రైతులను అక్కడికి తరలించి భూములు పంచాయి. భూమి పట్టా అంటే ఏమిటో తెలియనివారు తమ పొలంలోనే పరాయివారయ్యారు. వలస వచ్చినవారూ పేదలే, వారిని తప్పుపట్టలేం. కాని 1970ల నాటి ముస్లింల తిరుగుబాటుకు మూలం ఈ భూముల తగాదాలో ఉందే తప్ప ఖురాన్‌లో లేదని నా అభిప్రాయం. 2017లో మిందనావోలోని మరావి పట్టణంలో పెద్ద భాగాన్ని ఐదు నెలల యుద్ధం నేలమట్టం చేసిన వార్త మన పత్రికల్లో వచ్చింది. రెండేళ్ళ తర్వాత అక్కడి ప్రజలు ఓటు వేసి బంగ్సమోరో స్వయంప్రతిపత్తి ప్రాంతాన్ని ఏర్పరచుకున్న వార్త నా కంటపడలేదు. స్పెయిన్ వారు అక్కడి ముస్లింలకు ఈసడింపుగా పెట్టిన 'మోరో' అన్న పేరునే వారు తలెత్తుకుని ధరించారు.

క్రైస్తవంలోనూ అందరిదీ ఒకే బాట కాదు. స్థానిక గురువుల హక్కుల కోసం నిలిచిన ముగ్గురు ఫాదర్లను 1872లో మరణశిక్షకు గురిచేశారు. 1902లో రోమ్‌తో తెగతెంపులు చేసుకున్న స్వతంత్ర చర్చి పుట్టింది. ఫెలిక్స్ మనాలో స్థాపించిన ఇగ్లేసియా ని క్రిస్టో అనే మరో చర్చి 1914లో నమోదైంది.

దవావోలో చదువుతున్న మా అమ్మాయిని చూసి తిరిగి వస్తూ మనీలాలో కియాపో చర్చి ముందు కాసేపు నిలబడ్డాను. అక్కడ కొవ్వొత్తుల పక్కనే ఎండుమూలికలు, ఇత్తడి తాయెత్తులు అమ్ముతున్నారు. తాయెత్తు మీద త్రికోణంలో ఒక కన్ను, చుట్టూ అర్థంకాని లాటిన్ అక్షరాలు ఉన్నాయి. కొన్న స్త్రీ దాన్ని జపమాలతో కలిపి మెడలో వేసుకుంది. నడిచి వెళ్ళేంత దూరంలో 1976లో కట్టిన బంగారు గుమ్మటం మసీదు ఉంది. ఆ వీధుల్లో మిందనావోకు చెందిన మరనావో ముస్లింల హోటళ్ళున్నాయి.

మీ పత్రిక విదేశీ వార్తల విభాగానికి నాదొక మనవి. ఇకమీదట మిందనావోలో కాల్పుల వార్త వేసినప్పుడు, అది ఏ ఊరు, ఏ వర్గం, ఆ భూమి కథ ఏమిటి అన్నది ఒక్క వాక్యంలోనైనా చేర్చండి. పిల్లల్ని అక్కడికి పంపిన తల్లిదండ్రులు ఆ వాక్యం కోసమే పేపరు తిప్పుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
కాకినాడ