పెనం మీద పిజ్జా

తెనాలి,
ఫిబ్రవరి 9.

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నకి దగ్గు తగ్గింది. మునగచెట్టు పూత మీదుంది, గొంగళిపురుగులూ ఉన్నాయి. పైవాటా వాళ్లు ఖాళీ చేశారు. సుబ్బులు మానేస్తానని మళ్లీ బెదిరించి, మళ్లీ మర్నాడు వచ్చింది. ఫోన్లో అన్నీ చెప్పుకోలేం కదా అని ఊరికే రాద్దామని కూర్చున్నాను, వేరే పనేం లేదు.

మూడు వారాలుగా వీడియోలో నీ మొహమే కనిపిస్తోంది. ఇదివరకు వంటగదిలోకి తీసుకెళ్లి ఏం వండావో చూపించేవాడివి. మొన్న ఆదివారం నీ వెనకాల అలమారా అద్దంలో చంక కర్ర ఒకటి గోడకి ఆనించి కనపడింది. నేనేం అడగలేదు. నువ్వు “పని ఎక్కువగా ఉందమ్మా” అన్నావు. మర్నాడు రాజ్యం పిన్ని ఫోన్ చేసి, నువ్వు మంచు మీద జారి పడ్డావనీ, కుడికాలి చీలమండ దగ్గర బయటవైపు ఎముక చిట్లిందనీ, కాలు కదలకుండా బూటు వేశారనీ, నువ్వుండేది మూడో అంతస్తనీ, లిఫ్టు లేదనీ, నీతో ఉండే అబ్బాయి డిసెంబరులోనే వేరే ఊరు వెళ్లిపోయాడనీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ముప్పై ఏళ్లు ఎముకల వార్డులో చేసినదానికి కొడుకు కాలి సంగతి రాజ్యం నోట తెలియాలా? సరేలే. కోప్పడదామని రాయడం లేదు.

పిజ్జా గురించి రాద్దామనుకున్నాను. నీ మంచం పక్కన అట్టపెట్టెలు దొంతరగా ఉన్నాయట, బుజ్జి చూశాడట. పిజ్జా తింటే నాకేం అభ్యంతరం లేదు. మొజరెల్లా 100 గ్రాముల్లో సుమారు 500 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, విరిగిన ఎముకకి మంచిదే. ఉప్పు కూడా ఉంటుంది, అది వేరే సంగతి. కానీ రాత్రి తెరిచిన పెట్టె పొద్దున దాకా మంచం పక్కనే ఉంటే ఆ ముక్క తినకు. రెండు గంటలు దాటి బయట ఉన్న చీజు, కూరముక్కలు పారేయాల్సిందే. మిగిలింది వెంటనే మూతడబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టు. మర్నాడు మైక్రోవేవ్‌లో పెడితే అంచు తోలులా సాగుతుంది. పెనం మీద సన్నమంటన మూడు నాలుగు నిమిషాలు మూతపెట్టి, పక్కన నాలుగు చుక్కల నీళ్లు చిలకరించు. అడుగు కరకరలాడుతుంది, ఆ ఆవిరికి చీజు కరుగుతుంది. ఆ పెట్టెలన్నీ కిందికి ఎవరు తీసుకెళ్తున్నారు?

నీకు తొమ్మిదేళ్లప్పుడు జామచెట్టు మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నావు, గుర్తుందా? ఐదు వారాలు సిమెంటు కట్టు. బడి లేదు, క్రికెట్టు లేదు, పొద్దస్తమానం టీవీ. అందులో ఎవరో పిజ్జా ముక్క ఎత్తితే చీజు తీగల్లా సాగేది, నువ్వు అన్నం ముద్ద నోట్లో పెట్టుకోకుండా దాన్నే చూసేవాడివి. 1996లోనే డొమినోస్ ఢిల్లీలో, పిజ్జా హట్ బెంగళూరులో తలుపులు తెరిచినా మన వైపు అదింకా రాలేదు. మీ నాన్న బెజవాడ వెళ్లినప్పుడు బేకరీలో పిజ్జా బేసులని రెండు తెచ్చారు. బొద్దుగా, కాస్త తియ్యగా, వట్టి బన్నులా ఉన్నాయవి. వాటి మీద ఉల్లిపాయ, టమాటా, బెంగళూరు మిరప చక్రాలు పచ్చివే పరిచి, అమూల్ డబ్బా చీజు తురిమి పెనం మీద మూతపెట్టాం. పది నిమిషాలకి తీస్తే కూరముక్కల నీళ్లన్నీ బేసులోకి దిగి పాలల్లో నానిన రొట్టెలా అయింది. చీజు కరిగింది గానీ సాగలేదు. నువ్వు ముక్క పైకెత్తి, తీగ రాలేదని కళ్లనీళ్లు పెట్టుకున్నావు.

నీ తప్పూ కాదు, పెనం తప్పూ కాదు. డబ్బా చీజుని లవణాలు కలిపి కాచి నునుపు చేస్తారు, కరుగుతుంది తప్ప తీగ కట్టదు. మొజరెల్లాకైతే విరిగిన పాలగడ్డని వేడినీళ్లలో వేసి లాగి లాగి మడుస్తారు. అలా లాగినప్పుడు అందులోని మాంసకృత్తులు ఒకే వరసన పోగుల్లా సర్దుకుంటాయి, అందుకే వేడి తగలగానే తీగలు. ఇటలీలో నేపుల్స్ ఉన్న కంపానియా ప్రాంతంలో గేదెపాలతో చేసేదానికే ఎక్కువ పేరు. ఈ మాట చెబితే మీ నాన్న మన పాలమ్మాయి దగ్గర లీటరు ఎక్కువ పోయించుకుని రెండు రోజులు అవస్థపడ్డారు. చివరికి పన్నీరు వచ్చింది.

రెండోసారి పిండి ఇంట్లోనే కలిపాం. ఈసారి అడుగు మాడింది, పైన చీజు తెల్లగానే ఉంది. ఓవెన్‌లో వేడి నాలుగు వైపుల నుంచీ వస్తుంది, గ్యాసు పొయ్యి మీద కిందినుంచే వస్తుంది కదా. మూడోసారి నువ్వే చెప్పావు, “అమ్మా, పుల్కాలాగా తిరగెయ్యి” అని. తొమ్మిదేళ్ల వెధవవి! ఒకవైపు కాల్చి తిరగేసి, ఆ కాలిన వైపు చీజు వేసి మూతపెట్టాం. ఆ రోజు అరిటాకు మీద పిండి వత్తింది నువ్వే, ఎడమచేత్తో. నీ వేళ్ల గుంటలు అలాగే ఉండిపోయాయి, వాటిల్లో నూనె నిలిచి అక్కడక్కడ ఎర్రగా కాలింది. అరిచేతంత పిజ్జా. కట్టు మీద సాసు మరక పడితే విప్పేదాకా ఎవరినీ తుడవనివ్వలేదు.

ఆ చెయ్యి విరిగినప్పుడు ఇంట్లో నీ వెంట నలుగురం ఉన్నాం.

ఇప్పుడు మెట్ల సంగతి. చంక కర్రలు ఎవరైనా కొలిచి ఇచ్చారా, ఊరికే చేతికిచ్చి పంపారా? నిటారుగా నిలబడితే కర్ర పైభాగానికీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. చేతులు వదిలేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి, పట్టుకుంటే మోచెయ్యి కొంచెం వంగాలి. బరువు అరచేతుల మీద ఉండాలి. చంకల మీద వేలాడితే అక్కడి నరం నొక్కుకుపోయి చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి, మణికట్టు పైకి లేవదు. కాలికోసం వచ్చి చేతికి కట్టించుకుని వెళ్లినవాళ్లని చూశాను. ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు, తర్వాత దెబ్బకాలు, కర్రలు. దిగేటప్పుడు ముందు కర్రలు, దెబ్బకాలు, ఆ తర్వాత బాగున్న కాలు. మెట్లకి రెయిలింగు ఉంటే రెండు కర్రలూ ఒక చంకలో పెట్టుకుని రెండో చేత్తో దాన్ని పట్టుకో. కర్రల కింద రబ్బరు బుడిపెలు చూస్తున్నావా? నున్నగా అరిగితే మార్చు. బయటి నుంచి రాగానే వాటికంటిన మంచు తుడువు, లేకపోతే వాకిట్లో నీళ్లయి మళ్లీ జారతావు. పడకగది నుంచి స్నానాలగదికి వెళ్లే దారిలో చాపలు, ఛార్జరు తీగలు తీసేయి. రోజుకి ఎన్నిసార్లు దిగుతున్నావు? ఎవరైనా పక్కన ఉండి దిగుతున్నావా?

పిజ్జా దగ్గరే ఆగాను కదా. మీ వాళ్ల ఓవెన్ పొయ్యి కింద మోకాళ్ల ఎత్తులో ఉంటుంది. కర్రల మీదున్నవాడు వంగి, 500 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్లోంచి ఇనప మూకుడు పైకి తీయడం ఎంత ప్రమాదమో నీకు తెలియంది కాదు. 12 అంగుళాల ఇనప మూకుడే మూడు కిలోల పైన బరువు. అందుకని ఈ నెలన్నర ఓవెన్ ముట్టుకోకు. మన పెనం పిజ్జాయే చేసుకో, ఎత్తు స్టూలు మీద కూర్చుని. స్టూలుకి చక్రాలుండకూడదు.

ముందురోజు సాయంత్రం 250 గ్రాముల పిండి, 160 మిల్లీలీటర్ల నీళ్లు, 5 గ్రాముల ఉప్పు, అర టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్ట్ గరిటెతో కలిపేయి. పిసకక్కర్లేదు. జిగటగా ఉందని పిండి చల్లుతూ పోకు, చల్లావో అట్టలా వస్తుంది. ఇరవై నిమిషాలు ఆగి తడిచేత్తో నాలుగు వైపులా మడువు, ఇలా మూడుసార్లు. ఆ తర్వాత రెండు గంటలు బయట. మీ చలికి ఇంకాసేపు పడుతుంది, గడియారం చూడకుండా పిండి పొంగిందో లేదో చూడు. అప్పుడు మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటుంది, రుచి కూడా పెరుగుతుంది. మూడు ఉండలవుతాయి. ఒక్కోటి 8 అంగుళాల మందపాటి పెనానికి సరిపోతుంది. వండడానికి గంట ముందు బయటపెట్టు, చల్లటి పిండి వత్తితే వెనక్కి ముడుచుకుంటుంది.

టమాటా డబ్బాలోవి చేత్తో నలిపి, వెల్లుల్లి, ఉప్పు వేసి గరిట మీద నిలిచేదాకా దగ్గరకి ఉడికించు. కూరముక్కలు ముందే వేయించి తడి ఆరనియ్యి. పెనం మధ్యమంట మీద కాలాక వత్తిన పిండి వేసి రెండు నిమిషాలు, మచ్చలు పడగానే తిరగేసి మంట తగ్గించు. ఇప్పుడు ముందు చీజు వేసి, దాని మీద సాసు వెయ్యి. తిరగబడిందేమిటి అనుకోకు. నువ్వే ఒకసారి న్యూజెర్సీలో ట్రెంటన్ వెళ్లి ఫోటో పంపావు, అక్కడి ‘టొమాటో పై’ అనే పిజ్జా అని, 1912లో అక్కడ మొదలైన దుకాణం ఇంకా నడుస్తోందని. వాళ్లు చీజు కింద, టమాటా పైన వేస్తారన్నావు. పెనానికి అదే సరైన పద్ధతి. చీజు వేడికి దగ్గరగా ఉండి త్వరగా కరుగుతుంది, సాసు తడి పిండికి అంటకుండా మధ్యలో అడ్డుపడుతుంది. మూతపెట్టి నాలుగు నిమిషాలు. మధ్యలో ఒకసారి మూత ఎత్తి లోపల పట్టిన నీళ్లు తుడువు, లేకపోతే అవి పిజ్జా మీద కారతాయి. చివర మూత తీసేసి ఒక నిమిషం మంట పెంచు.

పొయ్యి పక్కనే ఆ స్టూలు మీదే కూర్చుని తినేయి. పళ్లెం పట్టుకుని కర్రలతో నడవలేవు. నడవాల్సి వస్తే మూతడబ్బాలో పెట్టి వీపుకి తగిలించుకునే సంచిలో వేసుకో, టీ కూడా మూత బిగించిన ఫ్లాస్కులోనే. లేదా అందించేవాళ్లుండాలి.

కాలు రోజుకి నాలుగైదుసార్లు గుండెకంటే ఎత్తులో పెట్టు. దిండు మోకాలి కింద ఒక్కటే కాదు, పిక్క పొడవునా ఉండాలి. ఐసు గుడ్డలో చుట్టి పావుగంట, అంతకు మించి వద్దు. వేళ్లు కదుపుతూ ఉండు. నొప్పి మాత్ర ఖాళీ కడుపున వేసుకోకు. ఇచ్చిన మాత్రలతో మలబద్ధకం వస్తోందా? సిగ్గుపడకుండా చెప్పు, నీళ్లు తాగు. వేళ్లు నీలంగా మారినా, స్పర్శ తెలియకపోయినా, పిక్క నొప్పెట్టి వాచినా డాక్టరుకి చెప్పడానికి పొద్దుటి దాకా ఆగకు. ఆయాసం వస్తే, ఛాతీలో నొప్పి పెడితే వెంటనే అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. నాకు చెయ్యడం ఆ తర్వాత. కుడికాలు కాబట్టి డాక్టరు సరే అనేదాకా కారు ముట్టకు. బూటు తీశాక పిక్క సన్నబడి ఉంటుంది, సాయంత్రం వాపు కొన్ని నెలలు కనపడుతుంది, దానికి హడలిపోకు. మడమలెత్తి నిలబడడం, ఒంటికాలి మీద నిలబడడం వాళ్లు చెప్పినప్పుడే మొదలుపెట్టు, నీ ఉత్సాహం కొద్దీ కాదు. ఉగాదికి వస్తానన్నావు, అంతసేపు విమానంలో కూర్చోవచ్చో లేదో అడిగాకే టికెట్టు కొను. సిగరెట్టు మానేశావనే అనుకుంటున్నాను. అది ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఏదో గుర్తొచ్చి రాశాను.

నేను రానా అని మీ నాన్నని అడిగితే “వాణ్ణి అడుగు” అన్నారు. అడుగుతున్నాను. నా పాస్‌పోర్టు బీరువాలోనే ఉంది, వీసాకి ఇంకా గడువుంది.

ఆదివారం వీడియో చేసినప్పుడు ఫోను కిందికి తిప్పు. బూటు కాదు, వేళ్లు చూపించు. రంగు చూడాలి.

ఉంటాను,
అమ్మ

తా.క. బుజ్జి వాళ్ల స్నేహితుడు 20న వస్తున్నాడట, అతనితో రెండు కిలోల రాగిపిండి, కిలో నువ్వులుండలు, నీ పాత చిన్న పెనం, కంది పచ్చడి పంపుతున్నాను. ఆరు కిలోలు దాటింది. కింద గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోతాడట. మూడో అంతస్తుకి అవి ఎవరు మోస్తారో ముందే రాయి.